ఎర్ర కవర్ ఫోన్

మార్చి 3, మంగళవారం

అత్తయ్యకి చెవి మిషన్ వచ్చింది. ఎదురుగా కూర్చుని మాట్లాడితే ఇప్పుడు అంతా వినిపిస్తోంది. నేను వంటింట్లో గొణుక్కునేది కూడా. ఇక ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి.

ఫోన్ మాత్రం వినపడదు. బ్లూటూత్‌తో చెవి మిషన్‌కి కలవాలంటే ఫోన్‌లో ఆండ్రాయిడ్ కొత్త వెర్షన్ ఉండాలట. అత్తయ్య ఫోన్‌కి కంపెనీ అప్‌డేట్లు ఎప్పుడో ఆపేసింది. క్లినిక్‌లో అమ్మాయి కొత్త ఫోన్ కొనుక్కోమంది. మా ఆయనా అదే పాట. అత్తయ్య ససేమిరా అన్నారు. ఇందులో ఏది ఎక్కడుందో నేర్చుకునేసరికే తల ప్రాణం తోకకొచ్చింది, మళ్ళీ మొదట్నుంచీ నా వల్ల కాదమ్మా అన్నారు.

అత్తయ్య ఫోన్ చేయడం ఒక పద్ధతి. అవతలివాళ్ళు ఎత్తినట్టు తెర మీద సెకన్లు తిరగడం మొదలవగానే చెప్పాల్సింది గబగబా చెప్పేసి పెట్టేస్తారు. రోజూ నేను పనిచేసే షాపుకి చేస్తారు. పాలు అయిపోయాయి. టక్. వాన వచ్చేలా ఉంది, బట్టలు తీసేశాను. టక్. నేను అత్తయ్యా అనేలోపే లైన్ ఉండదు. ఇన్నాళ్ళూ దాన్ని తల్చుకుని నవ్వుకునేవాళ్ళం. ఇవాళ ఎందుకో చాలా బాధేసింది.

ఆ ఫోన్‌కి కొత్త సాఫ్ట్‌వేర్ నేనే ఎక్కిస్తానని అనేశాను. మా ఆయన పగలబడి నవ్వాడు. నవ్వనీ.

మార్చి 5, గురువారం

ఈ మోడల్‌కి కొత్త ఆండ్రాయిడ్ తయారుచేసి పెట్టినవాళ్ళు నెట్‌లో దొరికారు. వాళ్ళ పేజీలో మొదటి లైనే పెద్ద అక్షరాల్లో ఉంది: ముందు మీ ఫోన్‌లో ప్రాసెసర్ ఏదో తెలుసుకోండి. పేరు ఒకటే, రూపం ఒకటే. లోపల మాత్రం కొన్నింట్లో స్నాప్‌డ్రాగన్, కొన్నింట్లో మీడియాటెక్. దీని ఫైల్ దాంట్లో ఎక్కిస్తే ఇక అది ఫోన్ కాదు, ఇటుక.

నాకా చెబుతున్నారు? కళ్ళజోళ్ళ షాపులో లెన్సులు కోసే మనిషిని. కుడి కంటి అద్దం ఎడమ కంటికి పెట్టే రకం కాదు నేను.

మార్చి 6, శుక్రవారం

సెట్టింగ్స్‌లో వెతికితే మోడల్ పేరు తప్ప ఏమీ లేదు. హార్డ్‌వేర్ వివరాలు చూపించే యాప్ వేసి చూశాను. స్నాప్‌డ్రాగన్! పనిలో పనిగా మామయ్యది కూడా చూశాను. అత్తయ్య ఫోన్ చూసి ముచ్చటపడి మరుసటి ఏడాది ఆయనా అచ్చం అలాంటిదే కొనుక్కున్నారు. అది మీడియాటెక్. కవల పిల్లల్లా ఉంటాయి, రక్తం గ్రూపులు వేరు.

ఎర్ర కవర్ అత్తయ్యది, స్నాప్‌డ్రాగన్. నల్ల కవర్ మామయ్యది, మీడియాటెక్. భోజనాల దగ్గర అందరికీ అరటిపండు ఒలిచినట్టు చెప్పాను. ఆదివారం నాకు ఎర్ర కవర్ ఫోన్ కావాలి, అంతే అన్నాను. మా ఆయన తలూపాడు. ఆ ఊపులో కాస్త గౌరవం కనిపించింది.

మార్చి 7, శనివారం

అత్తయ్య ఫొటోలు, నంబర్లు కంప్యూటర్‌లో దాచేశాను. రేపే.

మార్చి 8, ఆదివారం, ఉదయం 11



అత్తయ్య ఎర్ర కవర్ ఫోన్ ఆఫ్ చేసి చేతికిచ్చారు. కేబుల్ పెట్టాను. ఫైల్ సిద్ధం. ఇక నొక్కడమే తరువాయి. షాపులో మాకో అలవాటు ఉంది. చీటీలో పవర్ రాసున్నా సరే, కోసేముందు లెన్స్‌ని ఇంకోసారి పవర్ కొలిచే మిషన్ మీద పెట్టి చూస్తాం. ఆ అలవాటుకొద్దీ, నీ ప్రాసెసర్ ఏమిటని కంప్యూటర్ నుంచి ఫోన్‌ని అడిగాను. మీడియాటెక్ అంది.

ఒళ్ళు మండిపోయింది. నా కళ్ళతో నేను చూశాను కదా! మళ్ళీ అడిగాను. అదే మాట. దీనికి మతి పోయింది, కానిచ్చేద్దామని బటన్ మీద వేలు పెట్టాను కూడా.

అప్పుడే హాల్లోంచి మామయ్య కేకలు. నా చదరంగం ఏమైంది, సగం ఆటలో ఉన్నాను, అదీ గెలిచే ఆట అని. పరుగెత్తుకెళ్ళి చూశాను. ఆయన చేతిలో నల్ల కవర్ ఫోన్. తెర మీద అత్తయ్య చెల్లెలి ఫొటో.

సంగతేమిటంటే, అత్తయ్య ఆదివారం పూట ఫోన్ కవర్లు గిన్నెల్లాగే సబ్బు పెట్టి తోముతారు. కోడలు ఇంత పెద్ద పని చేస్తుంటే ఫోన్ శుభ్రంగా ఇవ్వొద్దా అని ఇవాళ పొద్దున్నే తోమేశారట. ఆరాక చేతికందిన దానికి చేతికందిన కవర్ తొడిగారు. రెండూ ఒకలాగే ఉన్నాయి కదమ్మా అన్నారు. ఏమంటాం? ఎర్ర కవర్, ఎర్ర కవర్ అని ఇల్లంతా టముకు వేసింది నేను.

ఇంకొక్క నొక్కుతో మామయ్య ఫోన్ ఇటుకయ్యేది, గెలిచే ఆటతో సహా. నొక్కబోయిన నన్ను తిట్టుకున్నాను. అడిగి చూసిన నన్ను మాత్రం మెచ్చుకోకుండా ఉండలేకపోతున్నాను.

సాయంత్రం 5

ఎక్కింది! ఈసారి కవర్ ఊడదీసి మరీ చూసుకున్నాను. తెర మీద ఏ యాప్ బొమ్మ ఏ మూల ఉండేదో మళ్ళీ ఆ మూలే సర్దాను. చెవి మిషన్ కలిసింది, టింగుమని వినిపించిందట. ఎవరికైనా కాల్ చేద్దామా అంటే, ఇవాళ్టికి చాలు, నా చెవి అలిసిపోయింది, రేపు చూద్దాం అన్నారు.

మా ఆయన ఈసారి నవ్వలేదు. టీ పెట్టి తెచ్చాడు.

అత్తయ్య పక్కింటావిడతో అంటుంటే విన్నాను: మా కోడలు ఫోన్‌కి ప్రాసెసర్ మార్చేసింది. మార్చింది సాఫ్ట్‌వేర్ అత్తయ్యా అని సరిదిద్దబోయి ఆగాను. ఆవిడ మొహం వెలిగిపోతోంది. నాకేం నష్టం?

మార్చి 9, సోమవారం

మధ్యాహ్నం షాపుకి అత్తయ్య ఫోన్. పాలో, బట్టలో అనుకున్నాను. టక్ మనలేదు. చెప్పడానికేం లేదు, ఇవాళ నువ్వు మాట్లాడు, నేను వింటాను అన్నారు.

కోస్తున్న లెన్స్ పక్కన పెట్టేశాను.

అత్తయ్యా అన్నాను.

ఊఁ అన్నారు.