కుక్క మెడలో గంట

జూలై 4

అందుకే నిన్న సగంలో ఆపేశాను. అత్త గదిలోకి వచ్చేసింది. ఏం రాస్తున్నావే అంది. మ్యాథ్స్ అన్నా. మ్యాథ్స్ చేస్తూ ఎవరైనా నవ్వుతారా అని అడిగింది. అత్త పెట్ క్లినిక్‌లో పన్నెండేళ్ళుగా అసిస్టెంట్. నోరు లేని వాటికి ఎక్కడ నొప్పో ముట్టుకోకుండానే చెప్పేస్తుంది. ఇక నేనెంత. ఇవాళ్టి నుంచి రఫ్ బుక్ పేజీలు చింపి వాటి మీద రాస్తా. షూ డబ్బాలో దాస్తా.

ఎక్కడున్నాను? ఆ, పిల్లి.

దానికి కళ్ళు లేవు. లేవంటే లిటరల్లీ లేవు. ఇన్ఫెక్షన్‌తో పాడైపోతే డాక్టర్ తీసేసి కుట్లు వేశారట. ఎవరో మురిక్కాలవ పక్క నుంచి తీసి క్లినిక్ మెట్ల మీద వదిలేసి వెళ్ళారు. అత్త ఇంటికి తెచ్చేసింది. నల్ల పిల్లి. నాన్న చూసి, దానికి మనం కనపడం, చీకట్లో మనకి అది కనపడదు, లెక్క సరిపోయింది అన్నాడు. బొగ్గు అని పేరు కూడా నాన్నే పెట్టాడు. అత్తకి కోపం వచ్చింది. కానీ పేరు అతుక్కుపోయింది.

ఇంట్లో ముందే మేనేజర్ ఉన్నాడు. చెవి చిరిగిన ముసలి పిల్లి. ఏ గదిలో ఏం జరిగినా వచ్చి చెక్ చేసి వెళ్తాడు. ఇంకా దొర. దొర కుక్క. నేను యూకేజీలో ఉన్నప్పుడు అమ్మ తెచ్చింది. సోఫా దిగడు కాబట్టి దొర అని అమ్మే పిలిచింది. అమ్మ వెళ్ళిపోయినప్పుడు దొరని తీసుకెళ్ళలేదు. ఆ ఇంట్లో కుక్కల్ని ఒప్పుకోరట.

నన్నూ తీసుకెళ్ళలేదు.

జూలై 7

బొగ్గుకి వారం దాకా స్టోర్ రూమే ప్రపంచం. అత్త రూల్స్ పెట్టింది. కుర్చీ జానెడు కూడా జరపకూడదు. నీళ్ళ గిన్నె, ఒంటికి వెళ్ళే మట్టి ట్రే, పక్క, ఎక్కడివి అక్కడే. ముట్టుకునే ముందు పేరు పెట్టి పిలవాలి, లేకపోతే గుండె ఆగినంత పనవుతుంది దానికి. నాన్న లిఫ్ట్‌లు రిపేర్ చేస్తాడు, టూల్ బ్యాగ్ ఎక్కడపడితే అక్కడ పడేస్తాడు. ఇంకోసారి దారిలో కనిపిస్తే బ్యాగ్‌ని కాదు, నిన్నే స్టోర్ రూమ్‌లో పెడతానురా అంది అత్త.

పాత సాక్స్‌తో దొర బుగ్గలు తుడిచి బొగ్గు పక్కలో పెడుతున్నాం. బొగ్గుని తుడిచిన సాక్స్ దొరకి. ముందు వాసనలు కలవాలట, తర్వాతే వీళ్ళు. అంటే డీపీ చూసుకుంటున్నారన్నమాట అన్నాడు నాన్న.

దొర ఆ సాక్స్ తల కింద పెట్టుకుని పడుకున్నాడు. సో క్యూట్.

జూలై 13

నిన్న స్టోర్ రూమ్ తలుపు తీశాం. డిజాస్టర్.

దొర పాపం ప్రేమగానే వెళ్ళాడు. అడుగు చప్పుడు కాలేదు. ఒక్కసారిగా ముక్కు తగిలేసరికి బొగ్గు కెవ్వుమని ఎగిరి గోడకి కొట్టుకుంది. దొర మూతి మీద మూడు గీతలు. దొర వచ్చి నా మంచం కింద దూరాడు.

ఇవాళ అత్త దొర కాలర్‌కి చిన్న ఇత్తడి గంట తగిలించింది. కొక్కేనికి. దొర ఎక్కడున్నాడో బొగ్గుకి తెలియాలి కదా. నాన్న పగలబడి నవ్వాడు. పిల్లి మెడలో గంట ఎవరు కడతారా అని లోకమంతా తల పట్టుకుంటే, మా అక్క పోయి కుక్కకి కట్టింది అన్నాడు.

కానీ పనిచేస్తోంది! సాయంత్రానికి గంట చప్పుడుకి బొగ్గు చెవులు తిప్పుతోంది.

జూలై 17

బొగ్గు దొర వెనకే నడుస్తోంది. సీరియస్లీ. గంట మోగితే చాలు, తోక నిటారుగా లేపి బయల్దేరుతుంది. హాల్, వంటిల్లు, నా గది, అన్నీ గంట వెనకే నేర్చుకుంది. దొర కూడా ఇప్పుడు మెల్లగా నడుస్తున్నాడు. ఎవరూ చెప్పలేదు వాడికి.

ఒకటే ప్రాబ్లమ్. దొర నా తోక. ఎక్కడ గంట మోగితే అక్కడ నేనున్నట్టే. ఇందాక వంటింటి వెనక తలుపు దగ్గర ఉంటే, స్నానాల గదిలోంచే, అక్కడేం చేస్తున్నావే అని అరిచింది అత్త.

అక్కడేం చేస్తున్నానో ఇక్కడ రాయొచ్చా? రాస్తా. ఎవరూ చదవరు.

అమ్మతో నేను ఆదివారాలే మాట్లాడాలి. హాల్లో, స్పీకర్ పెట్టి, నాన్న ఎదురుగా. పెద్దవాళ్ళు అలా ఒప్పుకున్నారు. స్పీకర్ పెడితే నేనూ అమ్మా న్యూస్ చదివినట్టు మాట్లాడతాం. ఏం తిన్నావ్, ఎన్ని మార్కులు. జూన్‌లో అమ్మ స్కూల్ గేటు దగ్గరికి వచ్చి చిన్న ఫోన్ చేతిలో పెట్టింది. నాన్నకి తెలిస్తే ఆదివారాలు కూడా పోతాయమ్మా, జాగ్రత్త అంది. రోజూ ఐదున్నరకి అత్త క్లినిక్ నుంచి వచ్చి స్నానానికి వెళ్తుంది. ఆ పది నిమిషాలు నావి. వంటింటి వెనక ఇనుప మెట్లున్నాయి, రెండు అంతస్తులు కిందికి. మధ్య మలుపులో నిలబడి మాట్లాడతా.

జూలై 20

సొల్యూషన్ దొరికింది. ఐదున్నరకి దొర కునుకు తీస్తాడు కదా, అప్పుడు గంట తీసేసి జేబులో వేసుకుంటా. లేచినా చప్పుడుండదు. పది నిమిషాల తర్వాత మళ్ళీ తగిలిస్తా. జీనియస్.

ఇవాళ మెట్లు దిగుతుంటే జేబులో మోగింది. అమ్మ వినేసింది. దొర ఉన్నాడా నీతో అని అడిగింది. ఆ గొంతు విని లేడని చెప్పలేకపోయా. గంట తీసి ఫోన్ దగ్గర ఊపాను. దొరగారూ బాగున్నారా, సోఫా దిగారా అని అమ్మ నవ్వుతూనే ఉంది.

జూలై 24

బొగ్గు నా ఒళ్ళో పడుకుంది!!! మేనేజర్ వచ్చి వాసన చూసి వెళ్ళిపోయాడు. ఫైలు పాసయ్యింది అన్నాడు నాన్న.

జూలై 27

రాయలేను.

జూలై 28

రాయకపోతే తల పగిలిపోయేలా ఉంది.

నిన్న ఐదున్నర. అత్త స్నానానికి వెళ్ళింది. దొర సోఫా మీద. గంట తీసి జేబులో వేసుకున్నా. గడియ చప్పుడవుతుందని వెనక తలుపు ఓరగా వదిలేశా. రోజూ అలాగే వదిలేస్తా.

అమ్మ గొంతు బాలేదు. ఆఫీసులో ఏదో అన్నారట. ఒకసారి దొర గంట వినిపించవే, వాడు పరిగెడుతున్నట్టు వినిపించు అంది. ఊపాను. ఇంకా అంది. ఇంకా ఊపాను, గట్టిగా. అమ్మ నవ్వింది. నాకు ఎంత హ్యాపీగా అనిపించిందంటే, ఊపుతూనే ఉన్నా.

పైకి చూశాను. బొగ్గు.

పై మెట్టు మీద నిలబడి ఉంది. తోక నిటారుగా. దొర వెనక నడిచేటప్పుడు ఎలా ఉంటుందో అలా.

గంట ఆపేశాను. చప్పుడు ఆగేసరికి అది వెతుక్కుంది. చెవులు ఇటూ అటూ తిప్పింది. ఒక కాలు ముందుకి పెట్టి గాలిలో తడిమింది. నేను బొగ్గూ అని గట్టిగా పిలిస్తే ఆగేదేమో. పేరు పెట్టి పిలవాలనేదే కదా రూల్. నేను పిలవలేదు. అత్తకి వినిపిస్తుందని. ఫోనూ గంటా జేబులో కుక్కి, అరవకుండా రెండేసి మెట్లెక్కాను. నా చెయ్యి ఇంకా నాలుగు మెట్ల దూరంలో ఉంది. జేబులో ఫోన్‌కి తగిలి గంట ఇంకోసారి మోగింది. చాలా చిన్నగా.

అది చప్పుడు వైపు వచ్చింది. మెట్ల వెంబడి కాదు. తిన్నగా, కమ్మీల సందులోంచి కిందికి.

దొర ఎప్పుడొచ్చాడో తెలీదు. నన్ను తోసుకుంటూ కిందికి పరిగెత్తాడు. దాని మెడ నోట పట్టుకుని లేపబోయాడు. కుక్కపిల్లల్ని లేపినట్టు. అప్పుడు అరిచాను. అప్పుడు! దొరా వదులు అని. అత్త తడి జుట్టుతో బయటికొచ్చింది. తను చూసింది అదే. బొగ్గు మెడ, దొర నోరు.

క్లినిక్‌కి తీసుకెళ్ళింది కానీ దారిలోనే ఒంట్లో వెచ్చదనం తగ్గిపోయిందట. మెడ విరిగింది, పడి విరిగిందో పట్టి విరిగిందో చెప్పలేం అన్నారట డాక్టర్.

నాన్న అడిగాడు, నువ్వు మెట్ల మీద ఏం చేస్తున్నావని. చప్పుడు విని వచ్చా అన్నాను. ఎంత ఈజీగా వచ్చేసిందో ఆ అబద్ధం.

జూలై 29

అత్త గంట కోసం వెతుకుతోంది. దొర కాలర్‌కి లేదు కదా. గంట ఊడిపోయి ఉంటుంది, వీడు చప్పుడు లేకుండా వెనకనుంచి వచ్చేసరికి అది బెదిరిపోయి పరిగెత్తుంటుంది, వీడు తరిమాడు అని అత్త లెక్క. కొక్కెం సరిగ్గా బిగించలేదు నేను, నా చేతులు విరగ అని తనని తానే తిట్టుకుంటోంది. తలుపు కూడా తనే మర్చిపోయానని అనుకుంటోంది.

సాయంత్రం మెట్ల కింద మట్టిలో మోకాళ్ళ మీద కూర్చుని వెతికింది. నేనూ పక్కనే కూర్చుని వెతికాను. గంట నా జేబులో ఉంది. మోగకుండా గుప్పిట్లో పట్టుకుని, రెండో చేత్తో మట్టి కెలికాను.

నాకంటే ఘోరమైనవాళ్ళు ఉంటారా.

జూలై 30

అమ్మ ఏడు మిస్డ్ కాల్స్. ఎత్తలేదు.

ఆగస్టు 1

నాన్న చెప్పేశాడు. కుక్క ఎంతైనా కుక్కే, ఒకసారి నోరు పెట్టింది, ఇక మేనేజర్‌ని దీని దగ్గర నమ్మి ఎలా వదులుతాం అన్నాడు. తను లిఫ్ట్ బాగుచేసిన గోడౌన్ ఓనర్‌కి కాపలాకి కుక్క కావాలట. గురువారం పొద్దున వ్యాన్ వస్తుంది. గొలుసుతో కడతారా అని అడిగా. కాపలా కుక్కని ఒళ్ళో కూర్చోబెట్టుకుంటారా అన్నాడు. ఈసారి అది జోక్ కాదు.

అత్త ఒద్దంటుందనుకున్నా. ఎంత చెడ్డ జంతువునైనా వెనకేసుకొచ్చే అత్త. కానీ దొర వచ్చి కాళ్ళ మీద తల పెడితే కాళ్ళు వెనక్కి లాక్కుంది. తర్వాత వంటింట్లోకి వెళ్ళి ఏడ్చింది. వాడికి తొమ్మిదేళ్ళు. పొద్దున లేవడానికే నడుం పట్టేస్తుంది.

దొర స్టోర్ రూమ్‌లో బొగ్గు పక్క మీద పడుకుంటున్నాడు.

ఆగస్టు 2, ఆదివారం

స్పీకర్ ఫోన్. నాన్న అమ్మకి చెప్పాడు, నీ కుక్క పిల్లిని చంపింది, గురువారం పంపించేస్తున్నా అని. ఎప్పుడు చంపింది అని అడిగింది అమ్మ. సోమవారం ఐదున్నరకి అన్నాడు నాన్న.

నేను టేబుల్ మీద గీతలు లెక్కపెడుతున్నా.

వాడి మెడలో గంట ఉండాలి కదా అంది అమ్మ, చాలా మెల్లగా. అదే ఊడిపోయింది, ఎంత వెతికినా దొరకలేదు, అక్కడే వచ్చింది చిక్కంతా అన్నాడు నాన్న.

పదకొండు గీతలు లెక్కపెట్టాను. అమ్మకి అర్థమైపోయింది. ఊపిరి విని చెప్పగలను. అయ్యో పాపం అంది. అంతే. నన్ను మార్కులు అడిగింది.

ఆగస్టు 4

ఫోన్ ఎత్తాను.

అమ్మ ముందు ఏడ్చింది. నేనే కదా ఊపమన్నది, నీ తప్పు కాదు, నాది అంది. తర్వాత కళ్ళు తుడుచుకుంది, ఫోన్‌లోనే తెలిసింది. ఎవరికీ చెప్పకు బంగారం అంది. చెప్తే ఈ ఫోన్ పోతుంది, ఆదివారం పోతుంది, ఇక నిన్ను చూడనివ్వరు, దొర ముసలాడైపోయాడు, ఎక్కడో ఒకచోట ఉంటాడులే, నాకు నువ్వు కావాలి అంది.

దొరని సంచిలో పెట్టుకుని వానలో తడుస్తూ తెచ్చింది అమ్మే. రెండు వారాల పిల్లని పాలపీకతో పెంచింది అమ్మే.

సరే అన్నాను.

ఆగస్టు 5

మేనేజర్ ఇవాళ స్టోర్ రూమ్‌లోకి వెళ్ళి దొర పక్కన పడుకున్నాడు. ఎప్పుడూ పడుకోలేదు. దొర వాడి చెవి నాకాడు. నోట్లో పట్టేంత తల అది. ఏం చేయలేదు. నాకి పడుకున్నాడు.

అత్త గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసింది. తర్వాత నన్ను చూసింది. ఏమీ అడగలేదు. అడిగితే బాగుండు.

ఆగస్టు 6, పొద్దున 7:10

వ్యాన్ వచ్చింది. ఇంజన్ ఆపలేదు.

దొర వెనక తలుపు దగ్గర కూర్చుని లేవట్లేదట. గోడౌన్ మనిషి గొలుసు పట్టుకుని లాగినా కదలట్లేదట. నువ్వు పిలిస్తేనే వస్తాడు, ఒక్కసారి వచ్చి పిలిచిపో తల్లీ అంటోంది అత్త, తలుపు అవతల నుంచి.

నేను పిలిస్తే వస్తాడు. నిజమే. తోక ఊపుకుంటూ వచ్చి వ్యాన్ ఎక్కేస్తాడు. బొగ్గు కూడా అలాగే వచ్చింది.

మళ్ళీ తలుపు కొట్టింది.

ఒక చేతిలో ఈ పేజీలు. ఒక చేతిలో గంట. గడియ తియ్యాలంటే ఏదో ఒకటి వదలాలి.

పేజీలు దాచేస్తున్నా. గంట దాచట్లేదు.