ముందు బండి

గురువారం, రాత్రి

పొద్దున బంగారపేట బయట రైలు బండి ఆగిపోయి, నా కింద పనిచేసే మునిరాజు, నేను ఇద్దరం బెంగళూరులో ఆఫీసుకు ఆలస్యంగా చేరాం. మేనేజరు అందరి ముందూ నా మీద అరిచాడు. నేను వెనక్కి తిరిగి అవే మాటలు మునిరాజు మీద అరిచాను. "ముందు బండికి రావాలని తెలీదా?" అని, దారంతా నా పక్కనే కూర్చుని వచ్చిన మనిషిని అడిగాను. పొద్దున మేమెక్కేదే మొదటి బండి అని నాకు తెలీదా?

సాయంత్రం తిరుగు బండిలో మునిరాజు ఎప్పటిలాగే కర్చీఫ్ వేసి నాకు సీటు పట్టిపెట్టాడు.

"మునిరాజూ, పొద్దున..." అని నసిగాను.

"పోనీలే అన్నా. ఆ ముందు బండి యాడుండాదో చెప్పు, రేపు దాంట్లోనే వస్తా" అని నవ్వాడు.

నేను నవ్వలేకపోయాను. ఇంటికొచ్చి, హోంవర్కు చేయలేదని పాపను కూడా "కారణం చెప్పు" అని గద్దించాను. అచ్చం మేనేజరు గొంతే. పాప బిత్తరపోయి చూసింది.

ఈ ఉద్యోగం మానలేను. ఈ గొంతు మాత్రం మానాలి. రేపు బంగారపేట వచ్చేలోపు మునిరాజుతో "తప్పు నాదే" అనాలి. అనగలనా...

అతను బండి బయల్దేరే మారికుప్పంలోనే ఎక్కుతాడు, నేను ఆ తర్వాత వచ్చే కోరమండల్ స్టేషన్‌లో. సీటు మీద కర్చీఫ్ లేకపోతే బెంగళూరు దాకా నిలబడాలి. ఉంటే, అతని పక్కనే కూర్చోవాలి.