పాత గుడ్డల పాఠం

1893 జూలై 3, సోమవారం

మిషను దొరసాని గారు పంపిన పటాలు వచ్చాయి. వస్తు పాఠాలట. పిల్లలకు పద్యాలే కాదు, చుట్టూ ఉన్న వస్తువు ఎక్కడ పుట్టింది, ఏమై పోతుంది అన్నదీ చెప్పాలట. మంచి మాటే. కానీ మొదటి పటంలో గొర్రె, రెండో దానిలో ఉన్ని, మూడో దానిలో నల్ల కోటు వేసుకున్న దొర. బయట ఉడుకు, ఊడ్పుల బురద. పిల్లలు పటం వైపు, నా వైపు మార్చి మార్చి చూశారు. "ఆ కోటు మనూళ్ళో ఏసుకుంటే ఉడికిపోతాడండి" అన్నాడొకడు. పటం చుట్టేశాను.

ఊడ్పులయ్యేలోగా ఇన్‌స్పెక్టరు గారు వస్తారట. అప్పటికి ఒక్క వస్తు పాఠమైనా పిల్లల నోట పలకాలి.

కోటు వద్దు. వాళ్ళ ఒంటి మీద ఉన్నదే చెప్తాను. గుడ్డ.

జూలై 4

అరచేతంత పాత గుడ్డ ముక్క ఇంటి నుంచి తెమ్మన్నాను. చిరిగినదైనా సరే, ఎంత పాతదైతే అంత మంచిది అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే పిల్లలు ఎందుకో వింతగా మొహాలు చూసుకున్నారు. అప్పుడు పట్టించుకోలేదు. కాళ్ళు వాచి ఉన్నాయి, కూర్చుందామన్న ధ్యాసే.

జూలై 5

ఆశ్చర్యంగా ఉంది. అరచేతంత అంటే మూరెడేసి తెచ్చారు. అన్నీ ఉతికి మడత పెట్టినవే. మసిగుడ్డలు వస్తాయనుకున్నాను, తీరా చూస్తే నాలుగైదింటికి మూలల్లో పసుపు బొట్టు. అదేంటని అడిగితే "మాయమ్మ పెట్టిందండి" అని తల వంచుకున్నారు. శుభ్రత పాఠం తలకెక్కిందని మురిసిపోయాను. నా మొహం.

పాఠం బాగా సాగింది. పెరట్లో వత్తుల కోసం పెంచే పత్తి చెట్టు నుంచి మొదలుపెట్టాను. చెట్టుకి మట్టి కావాలి, కాలవ నీరు కావాలి, ఎండ కావాలి. తర్వాత దూది, నూలు, మగ్గం. పేట చివర ముతక పంచెలు నేసే ఇంటి పిల్లాడు లేచి, వాళ్ళ మగ్గం మీద కోళ్ళు పడుకుంటున్నాయన్నాడు. మన దూది కాకినాడలో ఓడెక్కి దొరల సీమకెళ్ళి, గుడ్డయి తిరిగొస్తుందని చెప్పాను. "అంత దూరం ఎళ్ళి రావడానికి దానికేం పనండి?" అన్నాడు.

సత్తెమ్మ ఒక్కతే ఉత్త చేతులతో వచ్చింది. అందరిలోకీ చురుకైనది, లెక్కలు నాకంటే ముందే చెప్పేస్తుంది. "నీకే మరుపా?" అని కసిరాను. గోడ వైపు జరిగి కూర్చుంది.

జూలై 6

సత్తెమ్మ రాలేదు. ఊడ్పులకు పోయి ఉంటుంది.

జూలై 7

ఇవాళ "తర్వాత?" ఆట. నేను అడుగుతూ పోవాలి, వాళ్ళు చెప్తూ పోవాలి.

చీర చిరిగితే? లంగా కుడతామండి. తర్వాత? పసిపిల్లకి పొత్తిగుడ్డండి. తర్వాత? బొంతలోకండి. తర్వాత? మసిగుడ్డ. తర్వాత? వత్తి. తర్వాత? బూడిద. బూడిదతో గిన్నెలు తోమి, ఆ నీళ్ళు ఆనపపాదులో పోస్తారట. ఏదీ ఊరికే పోదు. దొరసాని గారి పుస్తకం ఇంత బాగా చెప్పలేదు.

ఆ పుస్తకంలోనే ఒక ముక్క ఉంది. సీమలో చిరుగు గుడ్డలు నానబెట్టి, దంచి, కాగితం చేస్తారట. అంటే నేను రాస్తున్న ఈ పుట కూడా ఒకప్పుడు ఎవరి ఒంటి మీదో ఉండేది. ఎవరిదో ఏమో... చేత్తో నిమిరి చూశాను. లోపల బిడ్డ కదిలింది. ఎనిమిదో నెల.

జూలై 9, ఆదివారం

ఇప్పుడు తెలిసింది. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

ప్రార్థన అయ్యాక ఆడవాళ్ళంతా చుట్టుముట్టారు. ఒకావిడ నా కడుపు మీద చెయ్యి వేసి "ఇంక బెంగెట్టుకోకండి అమ్మగారు, మా గుడ్డ పంపేనుగా. మాకు ఏడుగురూ నిలిచారు" అంది. ఇంకొకావిడ, "నోరిడిచి అడగడానికి మొహమాటపడి పిల్లల చేత అడిగించారు, అంతేగా" అని నవ్వింది.

బిడ్డలు నిలవని ఆడదానికి, బిడ్డలు నిలిచిన ఇళ్ళ నుంచి పాత గుడ్డ అడిగి తెచ్చి, పుట్టగానే అందులో చుట్టడం ఇక్కడి ఆనవాయితీ. ఆ ఇంటి ఆయువు ఈ బిడ్డకు అంటుతుందని. విన్న సంగతే, ఆ వేళకు తట్టలేదు. నాకు ఇద్దరు పోయారు. మూడోసారి కడుపుతో ఉండి, ఇంటింటా పాత గుడ్డ తెమ్మన్నాను. పేటంతా ఇంకేమనుకుంటుంది?

ఇంటికొచ్చి అత్తగారికి చెప్తే పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆమెకు మొదటి రోజే తెలుసట. నేను బుద్ధి తెచ్చుకున్నాననుకుందట.

జూలై 10

మా ఆయనకు చెప్పక తప్పలేదు. పోయిన ఏడు ఈ ఆనవాయితీ మీదే ప్రసంగం చేశారు. ఆయువు గుడ్డలో లేదు, ఇచ్చే వాని చేతిలో ఉంది అని. ఇప్పుడు ఉపదేశి గారి భార్యే ఇంటింటా గుడ్డ అడిగిందని దొరసాని గారి దాకా వెళితే నా బడి పోతుంది, ఆయన మాటకూ విలువ పోతుంది.

కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. "తిరిగి ఇచ్చేయ్. పాఠం కోసం తెమ్మన్నానని చెప్పు" అన్నారు.

అత్తగారు పొయ్యి దగ్గర నుంచి, "దేవుడున్నాడు, ఎవరు కాదన్నారు? గుడ్డ కూడా ఉండనీ" అంది.

జూలై 11

ఎవరూ తిరిగి తీసుకోలేదు. ఇచ్చిన ఆయువు వెనక్కి పట్టుకుపోకూడదట.

జూలై 13

సత్తెమ్మ వచ్చింది. బడి వదిలాక ఉండమన్నాను. నా కసురు నాకే గుచ్చుకుంటోంది.

"మాయమ్మ ఇవ్వకూడదందండి. మా తమ్ముడు పోయాడు కదండి. మా గుడ్డ పనికిరాదండి."

పోయిన వానల్లో పోయాడు, నడక కూడా రాలేదు. నేనే వెళ్ళి సమాధి దగ్గర పాట పాడి వచ్చాను. ఎలా మర్చిపోయాను? పిల్లలంతా తెచ్చి పరిచిన గుడ్డల ముందు, ఉత్త చేతులతో, అందరూ చూస్తుండగా...

ఏదో ఒకటి మాట్లాడాలని, పంతులమ్మను కదా, ఆటలోకి దిగాను. "మీ తమ్ముడి పొత్తిగుడ్డ ఉంటుంది కదా. అది తర్వాత ఏమైంది?"

"ఏం కాలేదండి. కుండలో ఉంది."

"తర్వాత?"

"తర్వాత లేదండి."

జూలై 14

నా పెట్టె అడుగున రెండున్నాయి. ఎవరికీ తెలియదు.

జూలై 16, ఆదివారం

అత్తగారు బొంత మొదలుపెట్టింది. అడిగితే, "ఊరికే పడేసిన గుడ్డలు ఎలకలు కొట్టేస్తాయి, కుడితే పాపమా?" అంది. ఆయన విననట్టు బైబిలు తిప్పారు. తిప్పిన పుటే మళ్ళీ తిప్పారు. ఆయనకూ ఇద్దరు పోయారు మరి.

ఆ ముక్కలు చూస్తుంటే నాకూ ఆశగానే ఉంది. రాయడానికేం, ఇక్కడ చూసేది ఎవరు? గుడ్డంటే మట్టి, నీరు, ఎండ, మనిషి కష్టం అని పిల్లలకు నేనే చెప్పాను. అందులో ఆయువు లేదు. అయినా ఏడుగురూ నిలిచిన ఇంటి ముక్కను మధ్యలో వెయ్యమని నోటి దాకా వచ్చింది.

అత్తగారు చూడనప్పుడు నేనే దాన్ని మధ్యకు జరిపాను.

జూలై 17

రాత్రి వాన. గట్ల మీద పిల్లలు ఎవరూ రాలేదు. కాలవ ఎర్రగా పారుతోంది.

మనసులో ఒకటే. గుడ్డలో ఆయువు ఉందంటే, సత్తెమ్మ ఇంటి గుడ్డలో చావు ఉన్నట్టే కదా. మొదటిది నమ్మి రెండోది నమ్మనంటే కుదరదు. నా ఆశ నిలవాలంటే ఆ పిల్ల ఉత్త చేతులతో కూర్చోవాలి.

జూలై 20

సత్తెమ్మ ఇంటికి వెళ్ళాను. వాళ్ళమ్మ మంగమ్మ ఊడ్పుల నుంచి అప్పుడే వచ్చింది, కాళ్ళకు బురద. పీట వేసింది. తను కింద కూర్చుంది.

నేర్చుకెళ్ళిన మాటలు వల్లించాను. బొంతలో మీ ఇంటి గుడ్డ కూడా ఉండాలి. అది లేకపోతే నా పాఠమే అబద్ధం. ఏ గుడ్డయినా ఒక్కటే. ఒక్క ముక్క ఇవ్వు.

మంగమ్మ కాలి బురద గోటితో గీక్కుంది.

"ఇవ్వనండి. రేపేదన్నా అయితే నా గుడ్డ మీద పడుద్ది. పేటలో నేను బతకాలి కదండి."

"నేను అలా అనుకోను, మంగమ్మా."

"మీరనుకోరు. మీ అత్తగారనుకుంటారు. మీరూ అనుకుంటారండి, ఆ యేళకి."

నిజమే కాబోలు. లేవబోతుంటే అడిగింది.

"మీ బిడ్డలవి ఎక్కడున్నాయండి?"

"ఏవి?"

"గుడ్డలండి. దాచే ఉంటారు."

అబద్ధం చెప్పలేకపోయాను. పెట్టెలో ఉన్నాయన్నాను.

"మీవే మీరు తియ్యలేదు. నన్నడుగుతున్నారు."

కోపంగా అనలేదు. చెంబుతో నీళ్ళిచ్చింది. తాగి వచ్చేశాను. దారి పొడుగునా ఏడుపు. ఎదురొచ్చిన వాళ్ళు కడుపుతో ఉన్న మనిషికి ఆయాసమనుకున్నారు.

జూలై 21

పెట్టె తియ్యలేదు.

జూలై 24

పెట్టె మీద దుమ్ము తుడిచాను. అంతే.

జూలై 26, బుధవారం

ఇన్‌స్పెక్టరు గారు వచ్చారు. గుర్రబ్బండి, గొడుగు, వెనక జవాను. గుడ్డ పాఠం అడిగారు. పిల్లలు వరసగా అందుకున్నారు. చెట్టు, దూది, నూలు, చీర, పొత్తిగుడ్డ, బొంత, మసిగుడ్డ, వత్తి, బూడిద, ఆనపపాదు. ఆయనకు నవ్వొచ్చింది, మెచ్చుకున్నారు.

ఆఖరున, "అయితే ప్రతి గుడ్డా ఇలాగే మట్టిలో కలుస్తుంది, అంతేనా?" అన్నారు. అందరూ "అంతేనండి" అన్నారు. సత్తెమ్మ లేచి, "కొన్ని కలవవండి" అంది.

"తప్పు. అన్నీ కలుస్తాయి. నువ్వు చెప్పమ్మా" అని నా వైపు తిరిగారు. సత్తెమ్మ కూడా తిరిగింది. జవాబు నాకు తెలుసు. పుస్తకంలోదీ తెలుసు, కుండలోదీ తెలుసు.

"కలుస్తాయండి" అన్నాను. "ఆలస్యం కావచ్చు."

ఆయనకు చాలింది. సత్తెమ్మకు చాలిందో లేదో. కూర్చుని పలక తుడుచుకుంది. బడి నిలిచింది. మా ఆయన సాయంత్రం ప్రార్థనలో అందుకు స్తోత్రం చెప్పారు. నేను ఆమేన్ అన్నాను, ధ్యాస పెట్టె మీదే.

ఆగస్టు 1

బొంత అయిపోవచ్చింది. ఒక మూల ఉంచమన్నాను, కుట్టొద్దన్నాను. అత్తగారు ఒకసారి పెట్టె వైపు చూసింది. తెలుసా ఆవిడకు?

ఆగస్టు 5, శనివారం

పొద్దున్న పెట్టె తీశాను.

పెద్దవాడిది నా పెళ్ళి చీర ముక్క. చిన్నదానిది ఆయన పంచె. దాని మీద పాల మరక ఇంకా ఉంది. వాసన మాత్రం పోయింది. ముక్కు పెట్టి వెతికాను. పెట్టె చెక్క వాసనే.

అత్తగారు ఎప్పుడు వచ్చి నిలబడిందో. దాచబోయాను.

"రెండూ ఉన్నాయా?" అంది.

ఉన్నాయన్నాను. పక్కన కూలబడి చిన్నదాని గుడ్డ ఒళ్ళోకి తీసుకుంది. ఆ పిల్లను ఆఖరిసారి ఎత్తుకున్నది ఆవిడే. నేను జ్వరంలో ఉన్నాను. వద్దంటుందనుకున్నాను, నిలిచిన బిడ్డల గుడ్డల పక్కన ఇవా అంటుందనుకున్నాను. కాసేపటికి సూది నా చేతిలో పెట్టి, "దారం నువ్వెక్కించు, నాకు కనపడదు" అంది. కళ్ళు నిండి ఉన్నాయి, కనపడదు మరి.

రెండింట్లోంచీ చెరో ముక్క కత్తిరించాను. గుడ్డ గుడ్డలాగే తెగింది.

అప్పుడే సత్తెమ్మ గుమ్మంలోకి వచ్చింది. పిలవలేదు, అదే వచ్చింది.

"మాయమ్మ అడగమందండి. తీశారా అని."

"తీశానని చెప్పు."

లోపలికి తొంగి మంచం మీది రెండు గుడ్డలూ చూసింది. వెనక్కి తిరిగి గట్టు మీద పరుగు.

మధ్యాహ్నం

నడుము లాగుతోంది. నెల నిండలేదు, ఇంకా వేళ కాదు. ఏమీ లేదులే అంటూనే అత్తగారు నీళ్ళు కాగబెడుతోంది. ఆయనను పొలం గట్ల మీదుగా మంత్రసాని కోసం పంపింది.

మా ముక్కలు రెండూ కుట్టేశాం. పైకే, కనపడేలా. ఆ మూలలో ఇంకా అరచేతంత చోటు ఉంది. మూసెయ్యనా అని అత్తగారు సూది ఎత్తింది. వద్దన్నాను, మంగమ్మ ముక్క రావచ్చు. బొంత మడిచి నా పక్కన పెట్టింది, సూది ఆ మూలకే గుచ్చి ఉంది.

మళ్ళీ లాగింది. ఈసారి ఎక్కువ...

గట్టు మీదికి చూస్తున్నాను. సత్తెమ్మ ఇంకా రాలేదు.