కల్వర్టు దగ్గర నిమ్మకాయల దండ

సాలూరు,
17-7-1968

శ్రీవారికి నీలవేణి నమస్కారాలు. ఇక్కడ అత్తయ్యా నేనూ తిని తిరుగుతున్నాం. మీరూ అక్కడ అలాగే ఉన్నారని తలుస్తాను.

ఆదివారం ఉదయం ఎనిమిదిన్నరకు బంగారురాజుగారి లారీ ఘాటీ రోడ్డులో బోల్తా పడింది. డ్రైవరు గంగులు దూకేశాడు. మోచెయ్యి గీరుకుపోయింది, అంతే. ఉప్పు బస్తాలు లోయలో పడ్డాయి. బ్రేకు పట్టలేదని మెకానిక్కు చూసి చెప్పాడు. దీనితో మనకేం పని అనుకుంటారు. ఉంది, చివర రాస్తాను.

మీరు అడిగినవాటికి జవాబు. అత్తయ్యకు దగ్గు తగ్గింది. విస్తళ్లు కుట్టడం ఆగిపోయింది. ఈ వానలకు కొండ మీంచి అడ్డాకులు దిగడం లేదు. అప్పడాలూ ఎండటం లేదు. శ్రీముఖలింగంలో సాయంత్రాలు ప్రైవేట్లు మొదలుపెట్టనా అన్నారు. బడిలో రోజంతా అరిచి వచ్చి మళ్లీ అరవడం మీ గొంతుకు మంచిది కాదు. వద్దని రాసే ధైర్యమూ నాకు లేదు.

మరి ఇల్లెలా గడుస్తోందని అడిగారు. లారీలకు కట్టే నిమ్మకాయల దండలు నేను గుచ్చుతున్నాననీ, పక్కింటి జగ్గమ్మ రోడ్డు మీద అమ్ముతోందనీ కిందటి ఉత్తరంలో రాశాను. రెండో మాట నిజం కాదు. జగ్గమ్మ మొదటి వారమే మానేసింది. ఆమెకు భర్త లేడు. ముత్తయిదువ చేత్తో కడితేనే బండి ఘాటీ ఎక్కిస్తామన్నారు డ్రైవర్లు. "నాను కడితే బళ్లు కదలవంట. నీకు కుంకం ఉన్నాది గదా, నువ్వే కూకో" అని బుట్ట నా ముందు పెట్టి వెళ్లిపోయింది. అప్పటినుంచి ఘాటీ ఎక్కే ముందు లారీలు ఆగే కల్వర్టు దగ్గర కూర్చునేది నేనే, బంపరుకు దండ కట్టేదీ నేనే. మేష్టారి భార్య రోడ్డున కూర్చుందన్న మాట మీ దాకా రాకూడదని దాచాను.

ఆదివారం ఆ లారీకి దండ కట్టింది నేను.

సోమవారం బంగారురాజుగారు కల్వర్టు దగ్గరకే వచ్చి, అందరూ వింటుండగా, "ఈయమ్మ సెయ్యి మంచిది కాదు. ఏ బండీ ముట్టుకోనివ్వకండ్రా" అన్నారు. ఆ తరవాత ఒక్క లారీ ఆగలేదు. దండలు ఇంటికి తెచ్చేశాను. అత్తయ్య ఆ కాయలు ఊరగాయకు తరుగుతూ, "నిమ్మకాయి బ్రేకేస్తాదేటే? ఆడు బండి బాగు సేయించుకోకపోతే నీ సెయ్యేటి సేస్తాది?" అంది. నవ్వొచ్చింది. నవ్వి చాలా రోజులైంది.

ఇవాళ మధ్యాహ్నం గంగులు చేతికి కట్టుతో వచ్చి వాకిట్లో నిలబడ్డాడు.

"బండి పోనాది గాని నాను ఉన్నాను కదమ్మా. నీ దండే కాసినాది. రేపు ఉమాపతి బాబు బండి తోలతన్నాను. నువ్వే కట్టాల."

"ఆ బండి బ్రేకు సూపించినావేటిరా?" అని లోపల్నించి అత్తయ్య.

"సూపించినాను మామ్మా."

బంగారురాజుగారి మాట నేను నమ్మలేదు. గంగులు మాటా నమ్మలేకపోతున్నాను. కానీ ఆ బండి క్షేమంగా దిగి వస్తేనే మిగతావాళ్లు మళ్లీ నా దగ్గర ఆగుతారు. రాకపోతే ఈ ఊళ్లో నా చేతి దండ ఎవరూ ముట్టరు, మీరు ప్రైవేట్లు చెప్పక తప్పదు.

మీ జవాబు ఈలోగా అందదు. కోపం వస్తే నిదానంగా రాయండి. రేపు ఉదయం ఏడింటికి కల్వర్టు దగ్గరికి వెళ్తున్నాను. బండి శనివారం సాయంత్రం తిరిగి రావాలి.

ఇట్లు,
మీ ఇల్లాలు
నీలవేణి