పేరు తీసేసిన కేసు

పూతలపట్టు,
సోమవారం.

శిక్షణాధికారి గారి సముఖమునకు,
మనోమిత్ర మనస్తత్వ శిక్షణ సంస్థ, తిరుపతి.

అయ్యా,

విషయం: తమ వద్ద మనస్తత్వ వైద్యంలో డాక్టరేటు శిక్షణ పొందుచున్న నా భార్య శ్రీమతి రూపశ్రీ చెవులను రోజుకు ముప్పావుగంట నాకు కేటాయించుట గురించియు, బుధవారం మీటింగులో ఒక కేసును ఆపుట గురించియు.

పూతలపట్టు కూడలిలో బోరు మోటార్లకు వైండింగ్ చేయు రవిచంద్ర అను నేను విన్నవించుకొనునది.

1. సదరు రూపశ్రీ రోజూ నలుగురి గోడు వినవలసి ఉన్నది. మనిషికి ముప్పావుగంట. ఫోను కట్టేసి, అడ్డు తగలకుండా వింటుందట. పెళ్లయిన పదకొండేళ్లలో నా మాట అట్లా విన్న దాఖలా లేదు.

2. ఇంటికొచ్చాక నేను నోరు తెరిస్తే, "సెవులు నిండిపోయినాయి, రేపు సెప్పు" అంటున్నది. రేపు కూడా ఆ నలుగురిదే.

3. వారిలో ఒకడు వారం వారం వచ్చి ఏడుస్తాడట. పేరడిగితే "సెప్పకూడదు, రూలు" అన్నది. వాడెవడో తెలియకపోయినా వాడంటే నాకు ఒళ్లు మంట.

4. అందుచేత గత వారం మునస్వామి అను దొంగపేరుతో తమ ఓపీలో చీటీ రాయించి, రూపశ్రీ కూర్చునే ఏడో గదికి పంపమని కోరాను. చీటీలు రాసే తిరుమలమ్మ, "యాడ ఖాళీ ఉంటే ఆడికే పోవాల నాయనా" అని, రూపశ్రీతో చదివే జోయల్ గదిలోకి తోసినది. ఆ వేళ ఏడో గదిలో ఏడ్చేవాడే ఉన్నాడని తలుపు సందులోంచి వచ్చిన ఏడుపును బట్టి తెలిసినది.

5. కడుపుమంట కొద్దీ జోయల్‌కు అన్నీ చెప్పేశాను. మా నాయన పోయిన మర్నాడే షాపు తెరిచి మోటారు బిగించిన సంగతి, ఇంతవరకు ఏడవని సంగతి కూడా. "పేరు తీసేసి మీ కేసును బుధవారం మా మీటింగులో సెప్పుకుంటా, అన్నా" అంటే సంతకం పెట్టాను. ఆ మీటింగులో రూపశ్రీ కూడా కూర్చుంటుందని బస్సెక్కాక గుర్తొచ్చినది. పేరు తీసేస్తే మాత్రం మొగుణ్ణి గుర్తుపట్టదా?

కావున ఆ కేసును ఆపించవలసినది, లేదా ఆ గంటసేపు రూపశ్రీని బయట కూర్చోబెట్టవలసినది. ఆ నలుగురి తర్వాత నన్ను ఐదోవాడిగా చేర్చవలెనని కోరుతూ, తమరు చిత్తగిస్తారనే ఆశతో,

తమ విధేయుడు, తమ విద్యార్థిని భర్త,
రవిచంద్ర.

తా.క.: కవరు అంటించేలోపే బుధవారం వచ్చి పోయినది. సాయంత్రం రూపశ్రీ బస్సు దిగి ఇంటికి పోకుండా నేరుగా షాపుకు వచ్చినది. ఫోను కట్టేసి స్టూలు లాక్కుని కూర్చున్నది. "నన్నేమీ అడగొద్దు. మీ నాయన సంగతి సెప్పు. ఈడనే ఉండాను" అన్నది. చెప్పాను. ఏడ్చాను. ముప్పావుగంట దాటినా లేవలేదు.

అయినా అర్జీని వెనక్కి తీసుకోవడం లేదు. ఏడ్చేవాడి మీద ఇప్పుడు నాకు కోపం లేదు, జోయల్ మీద ఉన్నది. నేను పదకొండేళ్లు చెబితే వినని మనిషి, అతను ఒక్కసారి చెబితే విన్నది.