నా పేరు నేనే చెబుతాను

అన్నయ్యకు,

నీ చెల్లెలి నమస్కారాలు. నేను ఇక్కడ బాగున్నాను. అమ్మ మోకాళ్ల నొప్పి ఎలా ఉంది? వదిన దగ్గు తగ్గిందా? నాన్నమ్మ ఇంకా పొద్దున్నే లేచి కోళ్లతో పోట్లాడుతోందా? మన వైపు వాన పడిందో లేదో రాయి. నా గురించి మాత్రం దిగులు పడొద్దు.

ఫోనుండగా ఉత్తరమేమిటని నవ్వుతావని తెలుసు. ఫోన్లో నేను మాట మొదలుపెట్టేలోపే నువ్వు దాన్ని పూర్తి చేసేస్తావు. వాట్సాప్‌లో రాస్తే బొటనవేలు బొమ్మ పంపి ఊరుకుంటావు. కాయితం మీద నాకు నత్తి లేదు, మధ్యలో నువ్వు అందుకోవడానికీ వీల్లేదు. అందుకని ఇది చివరిదాకా చదువు.

మొన్న దర్శి సంబంధం గురించి చెప్పావు. వాళ్లు పై నెలలో చూడటానికి వస్తారని, నేను తల వంచుకుని కూర్చుంటే చాలని, పేరడిగితే నువ్వే చెబుతానని, మా చెల్లెలు అణకువ గల పిల్ల అని కూడా అంటానని చెప్పావు. నేను "అ..." అన్నాను. నువ్వు దాన్ని "అలాగే" చేసుకుని ఫోను పెట్టేశావు. "అన్నయ్యా, వద్దు" అనబోయాను నేను.

ఎందుకు వద్దో చెప్పాలంటే ఇక్కడి సంగతులన్నీ చెప్పాలి.

మిల్లు పని అలవాటైపోయింది. దారం తెగిన చోట అతకడం నా పని. మిషన్ల హోరులో ఎవరి మాటా ఎవరికీ వినబడదు, అందరం చేతులతోనే మాట్లాడుకుంటాం. షిఫ్టు దిగేసరికి జుట్టు నిండా దూది చేరి పిల్లలందరం నాన్నమ్మల్లా తయారవుతాం. ఈ నాదెండ్ల ఎండ ముందు మన కనిగిరి ఎండ ఏ మూలకూ చాలదు. హాస్టల్ సాంబారులో ముక్క దొరికితే ఆ రోజు పండగే. వదిన కందిపొడి కొట్టి పంపితే ఈ జన్మకు ఆమె రుణం తీర్చుకోలేను.

ఇంత దూరంలో మిల్లు పని ఎందుకు ఎంచుకున్నావని అమ్మ అడిగేది కదా. ఆ హోరు కోసమే ఎంచుకున్నాను. అక్కడ నన్నెవరూ మాట్లాడమనరు. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు, నాకు ఆ భయం ఎప్పుడూ లేదు. పెదవి దాటడమే కష్టం.

ఇంకో సంగతి మీకెవరికీ తెలియదు. చేరిన రోజు హాస్టల్ వార్డెనమ్మ పేరడిగింది. "కో" దగ్గర నాలుక ఎప్పటిలాగే మొరాయించింది. వెనక పిల్లలంతా వరసలో నిలబడి ఉన్నారు. నోటికి సులువుగా వచ్చిన "లక్ష్మి" అనే పేరు చెప్పేశాను. అప్పటి నుంచి మిల్లు కార్డు మీద కోటేశ్వరిని, హాస్టల్లో లక్ష్మిని. గది నిండా పిల్లలున్నా ఒంటరిగానే ఉండేది. లక్ష్మీ అని పిలిస్తే పక్కన ఇంకెవరైనా ఉన్నారేమోనని చూసేదాన్ని.

ఆ మధ్య మిల్లు బస్సు బాగుచేయడానికి నరసరావుపేట నుంచి సైదా అన్న అని ఒక మెకానిక్ వచ్చాడు. "బ... బ... బ్రేకు షూలు అరిగిపోయినయ్" అన్నాడు. డ్రైవరు పక్కున నవ్వాడు. సైదా అన్న రెంచి కింద పెట్టి తాపీగా కూర్చున్నాడు.

"న... నవ్వుకో. నీ నవ్వు అయిపోయినాక మిగతాది చెప్తా. నాకేం తొందర లేదు, బ్రేకుల్లేంది నీ బస్సుకి" అన్నాడు.

నేను అన్నం గిన్నెతో అక్కడే నిలబడిపోయాను. నత్తి ఉన్న మనిషి అలా మాట్లాడగలడని నాకు తెలియదు. దగ్గరికి వెళ్లి ఏదో చెప్పబోయి ఆగిపోయాను. నా మొహం చూసే ఆయనకు అర్థమైంది. అయినా నా మాట అందుకోలేదు, కాచుకుని నిలబడ్డాడు. చివరికి "నాక్కూడా" అన్నాను.

"అ... అయితే ఆదివారం మా షెడ్డుకు రామ్మా. మనోళ్లు చానామంది వస్తారు" అన్నాడు.

వెళ్లాను. కోప్పడకు, బస్సులో పగటిపూట వెళ్లి పగటిపూటే వచ్చాను. అక్కడికి వచ్చేవాళ్లందరికీ నత్తే. వాళ్లకై వాళ్లు పెట్టుకున్న మీటింగు అది. డాక్టరు లేడు, మేష్టారు లేడు. ఇక్కడైనా మన దగ్గరైనా మీటింగంటే ఏమిటి? ఫ్లెక్సీ, మైకు, కుర్చీలో పెద్దమనిషి, చేతులు కట్టుకుని వినే మనం. ఆ షెడ్డులో పాత లారీ టైర్ల మీద గుండ్రంగా కూర్చుంటారు. ఆ వారం టీ ఎవరు కాస్తే వాళ్లే మీటింగు నడపాలి. పై వారం ఇంకొకరి వంతు. ఏం మాట్లాడాలో కూర్చున్నవాళ్లే అనుకుంటారు. ఒకరు బస్సులో ఊరి పేరు చెప్పలేక ముందు స్టాపులో దిగిన సంగతి చెబుతారు, ఒకరు ఫోనెత్తి హలో అనడానికి పడ్డ పాట్లు చెబుతారు. కట్టుబాటు మాత్రం ఒక్కటే. ఒకరి మాట ఇంకొకరు పూర్తి చేయకూడదు. చేస్తే ఆ రోజు టీ గ్లాసులన్నీ వాళ్లే కడగాలి.

మొదటి ఆదివారం గ్లాసులు కడిగింది ఎవరనుకున్నావు? నేనే. సైదా అన్న "చి... చి..." అంటుంటే పాపం అనిపించి "చిలకలూరిపేట" అనేశాను. షెడ్డంతా నా వైపు చూసింది. ఆయన చెప్పబోయింది చిన్నప్పటి సంగతట. నా పక్కన పద్మక్క కూర్చుని ఉంది. బట్టలు కుడుతుంది, ఆమెకూ మాట ఆగుతుంది.

"ఏమే పిల్లా, ఆ... ఆయన మాట ఆయన చెప్పుకోలేడా ఏంది? లెయ్, గ్లాసులు కడుగు" అంది.

జన్మంతా నా మాట అందుకున్న వాళ్ల మీద మండిపడ్డదాన్ని, నేనూ అదే చేశాను. కడుగుతూ నవ్వాను, ఏడ్చాను కూడా. మళ్లీ వచ్చి కూర్చున్నాక నా వంతు వచ్చింది. "కో" దగ్గర ఆగిపోయాను. చాలాసేపు ఆగిపోయాను. ఒక్కరూ అందుకోలేదు, ఒక్కరూ తల తిప్పుకోలేదు. కోటేశ్వరి అన్నాను. ఈ వైపు వచ్చాక నా పేరు నా నోటితో చెప్పడం అదే మొదలు.

తర్వాత ఒక ఆదివారం ఇస్త్రీ చొక్కా సారొకాయన వచ్చాడు. ఊళ్లో మాటకారితనం నేర్పే క్లాసులు పెడతాడట. మీకు నడిపించే మనిషి లేడు, నేను హాలు చూస్తాను, బ్యానరు కట్టిస్తాను, సర్టిఫికెట్లు ఇప్పిస్తాను అన్నాడు. సైదా అన్న ఒక టైరు చూపించి కూర్చోమన్నాడు. ఆయన కూర్చోలేదు.

"సా... సారూ, మాకు న... న..." అంటున్నాడు సైదా అన్న.

"నమ్మకం! మీకు లేనిది అదే" అన్నాడు సారు.

పద్మక్క లేచి టీ గ్లాసుల బేసిను తెచ్చి ఆయన ముందు పెట్టింది. మా కట్టుబాటు సంగతి చెప్పింది. ఆయన మొహం మాడ్చుకుని వెళ్లిపోయాడు. ఆయన చెప్పులేసుకునేలోపు సైదా అన్న తన మాట పూర్తి చేశాడు. "న... నడిపించే మనిషి వద్దు సారూ. మా నడక మాకు తెలుసు."

ఈ సంగతి ఎలా తెలిసిందో, మా వార్డెనమ్మ నన్ను పిలిపించింది. ఆదివారం మీటింగులకు పోతే మిల్లువాళ్లు ఊరుకోరని భయం ఆమెకు.

"ఏందే లక్ష్మీ, మీటింగంట? మీ లీడరెవరో చెప్పు ముందు" అంది.

ఆ వారం టీ కాచింది నేనే. "కో... కో... కోటేశ్వరి" అన్నాను.

"ఆ కోటేశ్వరి ఎవరే?"

"నేనేనండి. పై వారం ఇంకొకరు."

ఆమె నా మిల్లు కార్డు అడిగి తీసుకుని పేరు చూసుకుంది. ఇప్పుడు హాస్టల్లో సగం మంది నన్ను కోటీ అంటున్నారు. మిగతా సగం మందికి అలవాటు చేస్తున్నాను.

నత్తి తగ్గిందా అని అమ్మ అడుగుతుంది. తగ్గలేదమ్మా అని చెప్పు. నన్ను వసపిట్టను చేద్దామని నాన్నమ్మ చిన్నప్పుడు వస కొమ్ము తేనెలో అరగదీసి నా నాలుక మీద రాసేది. దానికీ పోలేదు, దీనికీ పోదు. మాట ఆగితే ప్రాణం పోదని మాత్రం తెలిసింది. ఇన్నాళ్లూ మీరంతా నా మౌనాన్ని అణకువ అన్నారు. అది అణకువ కాదు అన్నయ్యా, నాకు మాట్లాడే సందు దొరకలేదు.

నువ్వు నా మీద ప్రేమతోనే అందుకున్నావని నాకు తెలుసు. బడిలో నన్ను వెక్కిరించిన వాళ్లను నువ్వు కొట్టిన దెబ్బలు మరిచిపోలేదు. అయినా ఇక వద్దు. దర్శి వాళ్లను రమ్మను, నేనూ వస్తాను. పేరేమిటమ్మా అని అడుగుతారు. నేను "కో" దగ్గర ఆగుతాను. ఎంతసేపు ఆగినా నువ్వు అందుకోకూడదు, అమ్మను కూడా అందుకోనివ్వకూడదు. నా పేరు పూర్తయ్యేదాకా ఆగలేని వాళ్లయితే, వాళ్లు కాఫీ తాగి వెళ్లిపోవచ్చు. ఆమాత్రం ఓపిక లేని ఇంట్లో నేను కాపురం చేయను.

ఒకవేళ నువ్వు అలవాటు కొద్దీ అందుకున్నావో, ఆ కాఫీ గ్లాసులన్నీ పెళ్లివారి ఎదురుగానే నీతో కడిగిస్తాను. బేసిను సిద్ధంగా పెట్టమని వదినకు చెప్పు.

అమ్మకు, నాన్నమ్మకు నా నమస్కారాలు. వదినను అడిగానని చెప్పు, కందిపొడి మరిచిపోవద్దని కూడా చెప్పు. నేను వేళకు తింటున్నాను, నిద్రపోతున్నాను, దిగులు పడొద్దు. ఆ రోజు నీ దీవెన నాకు కావాలి అన్నయ్యా. నోరు మూసుకుని దీవిస్తే చాలు.

నీ చెల్లెలు,
కోటేశ్వరి