మిరపకాయ ప్రశ్నకు నీ నంబరు నుంచి జవాబు

ఒరేయ్ మస్తానూ,

నువ్వు పోయి నేటికి ఏడాది. మన సత్తెనపల్లి క్విజ్ గ్రూపులో పొద్దున్నే ప్రశ్న పెట్టే పని ఇప్పుడు నాది. నీ అంత బాగా కుదరడం లేదు. చాలామంది చూసి ఊరుకుంటున్నారు. ఇక ఆపేద్దామనుకుంటూనే, మిరపకాయను మన దేశానికి తెచ్చిందెవరని ఇవాళ అడిగాను.

మొదటి జవాబు నీ నంబరు నుంచి వచ్చింది. "పోర్చుగీసు వాళ్లు."

వెంటనే నీ నంబరుకే ఫోన్ చేస్తే మీ ఆవిడ షకీలా ఎత్తింది.

"ఆయన ఫోను నేనే వాడుతున్నానన్నా. రోజూ మీ ప్రశ్న చదువుతాను గానీ నాకేం తెలుస్తాయి? ఇదొక్కటి తెలుసు. పెళ్లయిన కొత్తలో, కల్లంలో కాయలు ఏరుతుంటే ఆయనే చెప్పారు. తప్పా అన్నా?"

"కరెక్టేనమ్మా. గెలిచినవాళ్లలో నీ పేరు రాస్తాను."

"నా పేరెందుకన్నా? ఆయన పేరే ఉండనీయండి."

నువ్వున్నన్నాళ్లూ ప్రశ్న అడిగేది నువ్వే కాబట్టి గెలిచినవాళ్లలో నీ పేరు ఏనాడూ లేదు. ఇవాళ అన్నిటికంటే పైన అదే రాశాను. "శభాష్‌రా మస్తానూ" అని ఒక్కొక్కరే పెడుతున్నారు, ఇన్నాళ్లూ పలకనివాళ్లు కూడా. నేను మాత్రం ఆ మాట పెట్టలేక, రేపటి ప్రశ్న వెతుక్కుంటూ కూర్చున్నాను.

నీ ఏసోబు